'పని' మీద వచ్చా అనకండి!

తెలుగులో 'పని' చాలా పెద్ద మాట. ఆఫీసులో చేసేదీ పనే. శుభలేఖలు పంచడానికి పొరుగూరు వెళ్లినా పనే. రిజిస్ట్రారు ఆఫీసులో ఓ సంతకం పెట్టిరావడానికి వెళ్లినా పనే. 'ఏంటిలా వచ్చారు?' అని చుట్టాలడిగితే 'ఏం లేదు, చిన్న పనుండి వచ్చాం' అంటాం. ఈ మాటనే ఉన్నదున్నట్టు ఇంగ్లిషులోకి మార్చి, అమెరికా ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు 'ఐ కేమ్ ఫర్ వర్క్' అన్నారనుకోండి... చేతిలో ఉన్నది బి-1 బిజినెస్ వీసా అయితే, ఆ ఒక్క ముక్కకే పక్క గదిలోకి పిలుపు రావచ్చు. ఎందుకంటే ఆ వీసా 'బిజినెస్'కి ఒప్పుకుంటుంది. 'వర్క్'కి ఒప్పుకోదు.

రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. ఆ రెండింటి మధ్య ఓ గీత ఉంది. కంపెనీ పంపిస్తే రెండు నెలలు వెళ్లొచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాడి దగ్గర్నుంచి, మిషన్లు బిగించడానికి సముద్రాలు దాటే ఫిట్టరు దాకా అందరి భవిష్యత్తూ ఆ గీతకి ఇటో అటో ఉంటుంది. చిత్రమేమిటంటే దాన్ని దాటించేది చాలాసార్లు కంపెనీ. పట్టుబడేది మనిషి.

బస్సుల్లో ఎక్కించారు

2025 సెప్టెంబరు 4. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, సవానా నగరానికి దగ్గర్లో ఎల్లాబెల్ అనే ఊరు. హ్యుందాయ్, ఎల్‌జీ ఎనర్జీ సొల్యూషన్ కంపెనీలు కలిసి కారు బ్యాటరీల ఫ్యాక్టరీ కడుతున్నాయక్కడ. 430 కోట్ల డాలర్ల పెట్టుబడి. ఆ పొద్దున ఇమ్మిగ్రేషన్ పోలీసులు ఫ్యాక్టరీని చుట్టుముట్టారు. 475 మందిని పట్టుకున్నారు. వాళ్లలో 317 మంది దక్షిణ కొరియా వాళ్లు. కాళ్లకూ చేతులకూ గొలుసులేసి బస్సులెక్కిస్తున్న దృశ్యాలు టీవీల్లో చూసి కొరియా దేశం మొత్తం నివ్వెరపోయింది. ఒకేచోట జరిపిన దాడుల్లో ఇంత పెద్దది తమ చరిత్రలో లేదని అమెరికా అధికారులే చెప్పారు.

ఇంతకీ వాళ్లేం దొంగ దారిన వచ్చినవాళ్లు కారు. కొరియన్లలో చాలామంది దగ్గర ఉన్నవి రెండు రకాల కాగితాలు. ఒకటి, వీసా లేకుండా 90 రోజులు ఉండిపోవడానికి నలభైకి పైగా దేశాల పౌరులకు అమెరికా ఇచ్చే 'ఎస్టా' అనుమతి. (ఆ జాబితాలో మన దేశం లేదు.) రెండోది బి-1/బి-2 వీసా. రెండింటికీ వర్తించే సూత్రం ఒకటే... 'బిజినెస్ మీద రావచ్చు, ఉద్యోగం చేయకూడదు'. కొరియా నుంచి తెచ్చిన యంత్రాలను కొరియా నిపుణులే బిగించాలి, నడిపి చూపించాలి. అది బిజినెస్సా, ఉద్యోగమా? మేం చేస్తున్నది రూల్సు ఒప్పుకునేదేనని వాళ్లన్నారు. కాదని అధికారులన్నారు.

వారం రోజులు నిర్బంధ కేంద్రంలో ఉన్నాక సెప్టెంబరు 12న ప్రత్యేక విమానంలో వాళ్లు ఇంచియాన్‌లో దిగారు. ఫ్యాక్టరీ ప్రారంభం కనీసం రెండు మూడు నెలలు వెనక్కి పోతుందని హ్యుందాయ్ ప్రకటించింది. అసలు మెలిక ఆ తర్వాత వచ్చింది. అదే నెల 30న వాషింగ్టన్‌లో రెండు ప్రభుత్వాల ప్రతినిధులూ కూర్చున్నారు. విదేశంలో కొన్న యంత్రాలను బిగించడానికి, మరమ్మతు చేయడానికి బి-1 వీసా మీదా, ఎస్టా మీదా కూడా రావచ్చని అమెరికా స్పష్టం చేసింది! నెల తిరక్కుండానే వచ్చిన ఈ మాట కొత్త నిబంధనేం కాదు. దశాబ్దాలుగా పుస్తకంలో ఉన్నదే.

నయాగరా నుంచి హాంకాంగ్ దాకా

ఈ పుస్తకం వెనక ఓ పాత కథ ఉంది. నయాగరా జలపాతానికి అటువైపు కెనడా, ఇటువైపు అమెరికా. పొద్దునే వంతెన దాటి అమెరికా వైపు పనికొచ్చి, సాయంత్రానికి కెనడాలో ఇంటికి చేరడం అక్కడ చాలామందికి అలవాటు. 1924లో అమెరికా కొత్త వలస చట్టం తెచ్చింది. 'తాత్కాలికంగా బిజినెస్ మీద వచ్చేవాళ్లకు' అందులో మినహాయింపు ఉంది. మేమూ తాత్కాలికమే, సాయంత్రానికి వెళ్లిపోతాం కదా అన్నారు ఈ రోజువారీ జనం. వాళ్లలో ఇద్దరి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1929లో తీర్పొచ్చింది. చట్టం పుట్టిందే అమెరికా కార్మికుల పొట్ట కొట్టకుండా చూడటానికి, కాబట్టి కూలి కోసం చేసే పని 'బిజినెస్' కిందికి రాదు అని. తొంభై ఏళ్లు దాటినా గీత అక్కడే ఉంది.

మరి ఏది బిజినెస్? దానికి జవాబు చెప్పింది ఓ దర్జీ దుకాణం. హాంకాంగ్‌లో సూట్లు కుట్టే కంపెనీ ఒకటి తన ఉద్యోగిని అమెరికా పంపింది. అతను ఊరూరా తిరిగి గుడ్డల నమూనాలు చూపించేవాడు, టేపు పెట్టి కొలతలు తీసుకునేవాడు, ఆర్డర్లు రాసుకుని హాంకాంగ్‌కి పంపేవాడు. అక్కడ సూట్లు కుట్టి పార్సిల్లో పంపేవారు. 'ఇతను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు, పంపించేయాలి' అంది ఇమ్మిగ్రేషన్ శాఖ. కేసు అటార్నీ జనరల్ దాకా వెళ్లింది. 1966లో దర్జీదే పైచేయి అయింది. కొలతలు తీసుకోవడం కూడా శ్రమే, కాదనం. కానీ సూటు తయారయ్యేది హాంకాంగ్‌లో, లాభం జమయ్యేది హాంకాంగ్‌లో, ఇతని జీతమొచ్చేది హాంకాంగ్ నుంచి, ఇతను తిరిగెళ్లేదీ అక్కడికే. ఇక్కడ చేసింది ఆ విదేశీ వ్యాపారంలో ఓ చిన్న భాగం మాత్రమే... అని తేల్చారు. 'హిరా కేసు' అంటే అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్లకు ఇప్పటికీ పెద్దబాలశిక్ష. బి-1 మీద ఏం చేయొచ్చన్న ప్రతి ప్రశ్నకూ ఆ టేపు పట్టుకునే కొలతలు తీస్తారు.

ఇక మూడోది ఇటుకల గొడవ. కాలిఫోర్నియాలో ఓ బంగారు గనుల కంపెనీ పశ్చిమ జర్మనీ నుంచి యంత్ర సామగ్రి కొంది. దానికి సంబంధించిన ఇటుక పని చేయడానికి జర్మనీ నుంచి మేస్త్రీలు బి-1 వీసాల మీద దిగారు. అమెరికా తాపీ కార్మికుల సంఘం కోర్టుకెళ్లింది. 1985లో సంఘమే గెలిచింది. యంత్రంతో పాటు నిపుణుడు రావచ్చుగానీ, ఇటుక మీద ఇటుక పేర్చడానికి ఇక్కడ మనుషులు లేరా అన్నది వాదన. అందుకే ఈ రోజుకీ రూలు ఇలా ఉంటుంది: కట్టుబడి పని చేయించడానికి, నేర్పడానికి బి-1 మీద రావచ్చు. స్వయంగా తాపీ పట్టుకోకూడదు. సూపర్‌వైజరు చేతికి సిమెంటు అంటితే చిక్కే!

జార్జియాలో ఎవరే పక్షం వాళ్లో తేలకపోవడానికి కారణం ఇదే. ఒకే షెడ్డులో ఒకరు మిషను బిగిస్తుంటారు. పక్కన ఇంకొకరు దాని కింద దిమ్మె పోస్తుంటారు. మొదటి మనిషికి రూలు ఒప్పుకుంటుంది. రెండో మనిషికి ఒప్పుకోదు. బయట నిలబడి చూసేవాళ్లకు ఇద్దరి నెత్తినా ఒకేలాంటి హెల్మెట్లు కనిపిస్తాయి.

జేబులోకి డబ్బు ఎక్కణ్నుంచి?

బి-1 మీద వెళ్లినవాళ్లు మీటింగులకు హాజరు కావచ్చు. ఒప్పందాలు మాట్లాడుకోవచ్చు, సంతకాలు చేయొచ్చు. సదస్సులకూ ఎగ్జిబిషన్లకూ వెళ్లొచ్చు. అమెరికాలో కేసుంటే కోర్టుకెళ్లొచ్చు, పోయినవాళ్ల ఆస్తి వ్యవహారం చక్కబెట్టుకోవచ్చు. సొంతంగా పరిశోధన చేసుకోవచ్చు. వీటి గురించి పెద్దగా చెప్పాల్సిందేం లేదు. అన్నింటికీ కలిపి ఒకే షరతు... జీతం అమెరికా నుంచి రాకూడదు. హోటలు, భోజనం, తిరుగుడు ఖర్చులు పిలిచినవాళ్లు ఇచ్చినా ఫర్వాలేదు.

యంత్రాలు బిగించేవాళ్లకు షరతులు ఇంకొన్ని. మిషను అమెరికా బయటి కంపెనీ దగ్గర కొన్నదై ఉండాలి. బిగించి ఇచ్చే బాధ్యత అమ్మినవాళ్లదేనని కొనుగోలు కాంట్రాక్టులోనే రాసుండాలి. వచ్చే మనిషికి ఆ పనిలో ప్రత్యేకమైన నైపుణ్యం ఉండాలి. మిషను వచ్చాక అరిచి గీపెట్టి తర్వాత రాసుకున్న కాగితాలు అంతగా పనికిరావు.

అసలు సరదా అంతా మినహాయింపుల్లో ఉంది. మన యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకాయన అమెరికాలో ఉపన్యాసాలిచ్చి పారితోషికం తీసుకోవచ్చా? తీసుకోవచ్చు! 1998లో చేసిన చట్టం ప్రకారం, ఒక్కో విద్యాసంస్థలో తొమ్మిది రోజులు మించకుండా, ఆరు నెలల్లో అయిదు సంస్థలు మించకుండా అయితే సరే. లాయర్లు దీన్ని 'తొమ్మిది-అయిదు-ఆరు' అంటుంటారు, ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఊరూరా తిరిగి మత ప్రబోధాలు చేసేవాళ్లు ఏ ఒక్క ఆలయంలోనో చర్చిలోనో కొలువు కుదరకుండా, సభల్లో భక్తులిచ్చే కానుకలతో గడుపుకోవచ్చు. ఆటగాళ్లు టోర్నమెంటు ఆడి ప్రైజు మనీ పట్టుకెళ్లొచ్చు. కానీ గాయకులూ, నర్తకులూ, మిమిక్రీ కళాకారులూ వృత్తిగా ప్రదర్శనలిచ్చేవాళ్లయితే ఈ వీసా కుదరదు. వాళ్లకు 'పి' తరగతి వీసాలు వేరే ఉన్నాయి. తెలుగు సంఘాల సంబరాలకు పిలుపొచ్చినప్పుడు మన కళాకారులు ముందు అడగాల్సింది దీని గురించే. 'అందరూ ఇలాగే వస్తారండీ' అన్న హామీ ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గర చెల్లదు.

ప్రైజు మనీ తీసుకుంటే తప్పు లేదు, పాట పాడి పారితోషికం తీసుకుంటే తప్పు! ఇందులో న్యాయమేంటని అడిగితే జవాబు దొరకడం కష్టం. ఏళ్ల తరబడి ఒక్కో వర్గం వాళ్లు పోరాడి సంపాదించుకున్న మినహాయింపులవి. అన్నీ ఒకచోట చేరేసరికి ఇలా అతుకుల బొంతలా తయారయ్యాయి.

'రెండు నెలలే కదా...'

ఇక మన ఇళ్లకు బాగా దగ్గరి సంగతి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఓ రోజు మేనేజరు పిలుస్తాడు. 'క్లయింటు తొందర పెడుతున్నాడు. హెచ్-1బి దాకా ఆగలేం. రెండు నెలలే కదా, బి-1 మీద వెళ్లి ప్రాజెక్టు పూర్తి చేసుకుని వచ్చేయ్' అంటాడు. కుర్రాడికి ఆనందం. ఇంట్లో అమ్మకు పచ్చళ్లు కట్టే హడావుడి. ఏ వీసా అని ఎవరూ అడగరు.

కంపెనీకి ఈ ఆశ ఎందుకు పుడుతుందో తెలుసుకోవాలి. హెచ్-1బి వీసాలు ఏడాదికి 65 వేలు, అమెరికాలో పై చదువులు చదివినవాళ్లకు మరో 20 వేలు. లాటరీలో పేరు రావాలి. వస్తే అమెరికాలో ఆ ఉద్యోగానికి నడుస్తున్న జీతం ఇవ్వాలి. పైగా 2025 సెప్టెంబరులో, విదేశాల నుంచి కొత్తగా తెచ్చుకునేవాళ్ల హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలంటూ అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది. బి-1కి ఇవేవీ ఉండవు. లాటరీ లేదు, పిటిషను లేదు, అమెరికా జీతం అక్కర్లేదు. ఇక్కడి జీతం ఇక్కడే పడుతుంది, అక్కడ రోజువారీ బత్తా ఇస్తే చాలు. మన అబ్బాయి పక్క కుర్చీలో అదే కోడు రాస్తున్న అమెరికన్‌కి అందేదాంట్లో ఎన్నో వంతో లెక్కేసుకుంటే, నయాగరా వంతెన కేసు 1929లోనే ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

ఈ వ్యవహారం ఎంత దూరం వెళ్లగలదో 2013లో తెలిసింది. ఇన్ఫోసిస్‌లోనే పనిచేస్తున్న జాక్ పామర్ అనే అమెరికన్ ఉద్యోగి 2011లో కోర్టుకెక్కాడు. హెచ్-1బి అవసరమైన పనులకు బి-1 వీసాల మీద మనుషుల్ని రప్పిస్తున్నారన్నది ఆరోపణ. అమెరికా ప్రభుత్వం దర్యాప్తు చేసింది. ఆహ్వాన పత్రాల్లో 'వర్క్' లాంటి మాటలు వాడొద్దని, టెస్టింగు, డిజైన్ లాంటివి ప్రస్తావించొద్దని ఉద్యోగులకు సూచనలు వెళ్లాయని ప్రభుత్వం చెప్పింది. చివరికి ఆ ఏడాది అక్టోబరు 30న కంపెనీ 3.4 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఇమ్మిగ్రేషన్ కేసుల్లో అప్పటికి అంత పెద్ద మొత్తం ఎవరూ కట్టలేదు. వీసా మోసం చేశామని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు. ఐ-9 అనే ఉద్యోగ పత్రాల నిర్వహణలో లోపాలున్నాయని మాత్రమే అంగీకరించింది.

కంపెనీ డబ్బు కట్టింది, కథ ముగిసింది. ఎయిర్‌పోర్టులో దొరికిపోయిన కుర్రాడికి అలా ముగియదు. అక్కడి అధికారి కేసును జడ్జి దగ్గరికి పంపక్కర్లేదు. తానే ఉత్తర్వు రాసి వెనక్కి పంపేయొచ్చు. అలా పంపితే అయిదేళ్లు అమెరికా ముఖం చూసే వీల్లేదు. అబద్ధం చెప్పాడని, తప్పుడు కాగితాలు చూపించాడని రాస్తే... ఆ నిషేధం జీవితాంతం. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప పోదు. రేప్పొద్దున హెచ్-1బికి వెళ్లినా, అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకున్నా, పిల్లాడి కాన్వొకేషన్‌కి వెళ్లాలన్నా ఆ ఒక్క గీత ఫైల్లో కనిపిస్తూనే ఉంటుంది. మేనేజరు అప్పటికి ఇంకో కంపెనీకి మారిపోయి ఉంటాడు.

మరి సాఫ్ట్‌వేర్ వాళ్లు బి-1 మీద అసలు వెళ్లకూడదా? నిక్షేపంలా వెళ్లొచ్చు. క్లయింటుకు ఏం కావాలో కూర్చుని రాసుకోవచ్చు. ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చిందో వివరించొచ్చు. తర్వాతి దశ గురించి చర్చించొచ్చు. రాసుకున్నది పట్టుకుని హైదరాబాద్ వచ్చి ఇక్కడ కోడు రాస్తే అది హాంకాంగ్ దర్జీ పద్ధతి. క్లయింటు ఆఫీసులో సీటు, లాగిన్, టైంషీటు, రోజూ అప్పజెప్పే పని... ఇవన్నీ ఉంటే సూటు అక్కడే కుడుతున్నట్టు!

పెనుకొండలో కొరియా వంట

ఇదంతా అమెరికా వాళ్ల చాదస్తం అనుకుంటే పొరపాటు. మన దగ్గరా అంతే. మాట్లాడితే మనమే ఓ ఆకు ఎక్కువ చదివాం.

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ తెలుసు కదా. 2017లో ఒప్పందం కుదిరితే 2019లో కార్లు బయటికొచ్చాయి. హ్యుందాయ్ గ్రూపుదే అది. ఆ రోజుల్లో అనంతపురం వైపు వెళ్లినవాళ్లకు కొరియా అక్షరాల బోర్డులు, కొరియా హోటళ్లు కొత్త వింత. ఫ్యాక్టరీతో పాటు ఇంజినీర్లూ వచ్చారు మరి. జార్జియాలో గొలుసులు పడింది కూడా ఇలాంటి నిపుణులకే.

మన దేశం ఇచ్చే బిజినెస్ వీసా మీద మార్కెట్ చూసుకోవచ్చు, సరుకు కొనొచ్చు, అమ్మొచ్చు, బోర్డు మీటింగుకు రావచ్చు, మనుషుల్ని ఉద్యోగాలకు ఎంపిక చేసుకోవచ్చు. ప్రాజెక్టు ఎలా నడుస్తోందో చూసి వెళ్లొచ్చు. కానీ కాంట్రాక్టు పని స్వయంగా చేయకూడదు. అమ్మిన మిషనును బిగించి నడిపించడానికి వచ్చే ఇంజినీరు ఎంప్లాయ్‌మెంటు వీసా తీసుకోవాలన్నది హోం శాఖ మాట. అమెరికాలో బి-1 సరిపోయే మనిషికి ఇక్కడ బిజినెస్ వీసా సరిపోదన్న మాట!

2009లో ఈ తేడా రచ్చకెక్కింది. విద్యుత్ ప్రాజెక్టుల్లో చైనా పరికరాలు బిగించడానికి పెద్ద సంఖ్యలో చైనా కార్మికులు బిజినెస్ వీసాల మీద వచ్చేశారని తేలింది. ఇక్కడి ఫిట్టర్లు, వెల్డర్లు చేయగల పనులకూ వాళ్లనే దింపారన్న విమర్శలొచ్చాయి. అక్టోబరు నెలాఖరులోగా తిరిగెళ్లి సరైన వీసాతో రమ్మని ప్రభుత్వం గడువు పెట్టింది. 2010లో విద్యుత్తు, ఉక్కు రంగాల కోసం ప్రాజెక్టు వీసా అని విడిగా తెచ్చింది. ఎంప్లాయ్‌మెంటు వీసాకు ఏడాదికి 25 వేల డాలర్ల జీతం ఉండాలన్న నిబంధనా ఆ రోజుల్లోదే. తక్కువ జీతానికి చేసే పనులకు మనవాళ్లున్నారు కదా అన్నది లెక్క. తర్వాత దాన్ని రూపాయల్లోకి మార్చి 16.25 లక్షలన్నారు. ఇందులోనూ మినహాయింపులున్నాయి. తమ దేశపు వంటలు చేసే వంటవాళ్లకు ఆ పరిమితి వర్తించదు. అందుకే కొరియా వంటకు కొరియా మాస్టరే రావచ్చు!

అయితే ఫ్యాక్టరీలు కావాలంటే మిషన్లు బిగించేవాళ్లు కావాలి. వీసా ఆలస్యమై మిషన్లు పెట్టెల్లోనే ఉండిపోతున్నాయని పారిశ్రామికవేత్తలు మొత్తుకుంటూ వచ్చారు. 2025 చివర్లో కేంద్రం కొత్త రకం ఎలక్ట్రానిక్ బిజినెస్ వీసా ప్రవేశపెట్టింది. యంత్రాలు బిగించడం, నాణ్యత చూడటం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం లాంటివి దానిమీద చేయొచ్చు. అంటే ఇక్కడ గీత కాస్త జరిగింది.

'విజిట్ మీద పో అన్నా...'

సాఫ్ట్‌వేర్ కుర్రాడికి కనీసం అడగడానికి ఓ హెచ్చార్ విభాగం ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లోనో, కోనసీమలోనో, రాయచోటి వైపో గల్ఫ్‌కి బయల్దేరే మనిషికి ఉండేది ఏజెంటు ఒక్కడే. 'ముందు విజిట్ మీద పో అన్నా, ఆడికి పోయినంక పని వీసా జేపిస్తం' అంటాడు. ఆ మనిషి అప్పు తెచ్చి లక్షలు చేతిలో పెడతాడు.

ఏజెంటు విజిట్ వీసానే ఎందుకు ఎంచుకుంటాడంటే అందులో ప్రభుత్వం కళ్లు కప్పే సౌకర్యం ఉంది. పదో తరగతి పాసవనివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే మన ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. యజమాని ఎవరు, జీతమెంత అన్నది కాగితం మీద ఉండాలి. పది లక్షల రూపాయల ప్రమాద బీమా తప్పనిసరి. విజిట్ వీసా మీద వెళ్లేవాడు చుట్టపుచూపుగా వెళుతున్నట్టు లెక్క. కాబట్టి ఒప్పందం లేదు, బీమా లేదు. అక్కడ పనిలోకి దిగాక జీతం ఇవ్వకపోతే, 'నువ్వు నా దగ్గర పని చేస్తున్నట్టు కాగితమేది?' అంటాడు యజమాని. ఫిర్యాదు చేయడానికి వెళితే, పర్మిట్ లేకుండా పనిచేశావని ముందు ఇతనే దోషి అవుతాడు.

యూఏఈ 2024లో చట్టం మార్చింది. పర్మిట్ లేకుండా మనుషుల్ని పనిలో పెట్టుకునే యజమానికి లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా జరిమానా అంది. అంతకుముందు ఇది 50 వేల నుంచి మొదలయ్యేది. కొరడా ఈసారైనా యజమాని వైపు తిరగడం మంచిదే. మన ఊళ్లో ఏజెంటు మీదికి మాత్రం అది రాదు.

ల్యాప్‌టాప్, గోరుముద్దలు

ఇప్పుడు ఇంటింటా వచ్చే అనుమానాలు రెండు. కూతురి కాన్పుకనో, ఊళ్లు చూద్దామనో విదేశం వెళ్లినవాళ్లు ల్యాప్‌టాప్ తెరిచి ఇండియా ఆఫీసు పని చేసుకోవచ్చా? బ్రిటన్ దీనికి సూటిగా జవాబిచ్చింది. 2024 జనవరి 31 నుంచి విజిటర్లు తమ దేశంలోని ఉద్యోగాన్ని అక్కణ్నుంచే చేసుకోవచ్చని నిబంధనల్లో రాసింది. వచ్చిందే అందుకైతే మాత్రం కుదరదు. అమెరికా అంత సూటిగా రాయలేదు. అత్యవసరమై రెండు మెయిళ్లకు జవాబివ్వడం వేరు, మూడు నెలలు అక్కణ్నుంచే డ్యూటీ చేయడం వేరు. రెండోది చేయాలనుకుంటే ముందే లాయర్ని అడగడం మేలు.

రెండో అనుమానం అమ్మమ్మలది, నానమ్మలది. మనవడికి గోరుముద్దలు తినిపించడం ఉద్యోగం కాదు. దానికి ఎవరూ జీతం ఇవ్వరు, అదో తీరని లోటు! కానీ పక్కింటి పిల్లల్ని కూడా చూసి డాలర్లు తీసుకున్నా, పచ్చళ్లు పట్టి అపార్టుమెంట్లలో అమ్మినా, తెలిసినవాళ్ల రెస్టారెంట్లో దోసెలు పోసి వారానికింత అని పుచ్చుకున్నా అది ఉద్యోగమే. అధికారి 'ఎందుకొచ్చారు?' అంటే 'మా అమ్మాయి పిల్లల్ని చూడటానికి' అంటాం మనం. మన దృష్టిలో అది చూసిపోవడం. కొందరు దాన్నే ఇంగ్లిషులో 'బేబీ సిట్టింగ్' అని చెప్పేస్తారు. అది డబ్బు తీసుకుని చేసే పనికి అక్కడ వాడే మాట.

బయల్దేరే ముందు

కంపెనీ పంపిస్తుంటే ఆహ్వాన పత్రం, కంపెనీ లేఖ రెండూ ముందే తీసుకుని చదవండి. అందులో రాసిన పనీ, మేనేజరు నోటితో చెప్పిన పనీ ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే ఆ సంగతి మెయిల్లో అడగండి, ఫోన్లో కాదు. 'ఇలా చెప్పు, అలా చెప్పకు' అని ఎవరైనా పాఠం నేర్పుతున్నారంటే అక్కడే ఆగి ఆలోచించాలి. కౌంటరు దగ్గర మాట్లాడేది మీరు, నేర్పినవాళ్లు పక్కన ఉండరు. మిషన్ల పని మీద వెళ్లేవాళ్లు కొనుగోలు కాంట్రాక్టులో బిగింపు గురించి రాసిన పేజీ ప్రతిని వెంట పెట్టుకోవాలి. పిలిచిన కంపెనీలో బాధ్యుల ఫోను నంబరు కాగితం మీద రాసుకోవాలి. పెట్టె తెరిచి చూసే అధికారి ఫోను కూడా తెరిచి చూడొచ్చు, అందులోని మెసేజీలూ మీరు చెప్పిందీ ఒకటై ఉండాలి.

దిగాక చేయాల్సింది ఇంకొకటుంది. అమెరికా వీసా స్టిక్కరు మీద పదేళ్లని ఉంటుంది. పదేళ్లూ ఉండొచ్చని కాదు. ఈసారి ఎన్నాళ్లు ఉండొచ్చో ఎయిర్‌పోర్టులో అధికారి నిర్ణయిస్తాడు, ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. మామూలుగా ఆరు నెలలిస్తారు. తక్కువ కూడా ఇవ్వొచ్చు. హోటలుకు చేరగానే అక్కడి కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ వెబ్‌సైట్లో పాస్‌పోర్టు నంబరు కొట్టి ఆ తేదీ చూసుకోండి. పేరు, పుట్టిన తేదీ, వీసా తరగతి సరిగ్గా పడ్డాయో లేదో కూడా. ఒకే స్టిక్కరు మీద బి-1, బి-2 రెండూ ఉన్నా, ఐ-94లో పడేది ఏదో ఒకటే. మీటింగులకు వెళ్లిన మనిషికి అక్కడ బి-2 అని పడి ఉంటే, మొదటి మీటింగు కంటే ముందే దాన్ని సరిచేయించుకోవాలి.